బండి బ్యాటరీలు మార్చునపుడు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వీథులలో తిరుగు బ్యాటరీ ఆటోకును, మైదానములయందు తిరుగు గోల్ఫు బండికిని ప్రాణాధారము ఒక్కటే. సాధారణముగా 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగు వరుసగా కలిసి ఆటోకు 48 వోల్టులనిచ్చును.

వానిలో ఒకటి చెడినంతనే దానినొక్కదానినే మార్చి తృప్తిపడుట పొదుపు కాదని నా దృఢాభిప్రాయము. ఏలయన, ఒకే విద్యుత్ప్రవాహము నాలుగింటిగుండ పోవుచుండుటచే, జీర్ణించిన మూడింటి నడుమ క్రొత్తది కూడ అకాలముగనే క్షీణించును. కావున నాలుగును ఒకే రకమువి, ఒకే సామర్థ్యము గలవి, ఇంచుమించు ఒకే నెలలో తయారైనవి కొనవలెను. కారు ఇంజనును స్టార్టు చేయు బ్యాటరీ చౌకయని తెచ్చి బిగింపరాదు. దాని పలుచని పలకలు క్షణకాలపు విద్యుద్వేగమునకే గాని, ప్రొద్దస్తమానము కొంచెము కొంచెముగా ఖాళీ అగుటకు ఏర్పడినవి కావు.

విప్పుటకు ముందు స్విచ్చి ఆపి, తీగల అమరికను కాగితముపై గీసికొని, ఋణధ్రువపు తీగను మొదట తీసి, బిగించునపుడు దానినే కట్టకడపట బిగింపవలెను. చేతి ఉంగరము, కడియము తీసివేయుడు. పానా పిడికి టేపు చుట్టుడు. తీగల కొసలపై బూజువలె పేరుకొనిన పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరనిచ్చి బిగించినచో పట్టు గట్టిగా నుండును. బొగ్గుగనుల భూపాలపల్లి వేసవియందు నీరు త్వరగా ఇంకును గనుక, నీరు పోయు రకమైనచో, పూర్తిగా చార్జి అయిన పిదప డిస్టిల్డు వాటరు మాత్రమే పోయుడు. పాతవానిని, 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు కోరినట్లు చెత్తలో కలుపక, అమ్మినవారికే అప్పగింపుడు.