గట్టుమీది వయ్యారిభామ

 నల్లరేగడిలో పొద్దుతిరుగుడు వేయువారితో నేడు మేము ముచ్చటింపదలచినది పైరును గూర్చి కాదు. పైరు చుట్టునున్న గట్టును గూర్చి.

ముందుగా ఒక దూరదేశపు సంగతి. 1880 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాయందు ద్రాక్షతోటలు వేల ఎకరములలో ఎండి నశించినవి. తీగలోని నీటినాళములను మూసివేయు సూక్ష్మజీవి అందులకు కారణమనియు, రసము పీల్చు పురుగులు దానిని మోసికొని వచ్చుననియు తరువాత తేలినది. ఆ పురుగులలో ఒక జాతికి కాపురము తోటలో కాదు, వాగుల యొడ్డున పెరిగిన పొదలలో.

మన సీమలో 2000 సంవత్సరమున అనంతపురము జిల్లా వేరుసెనగను నాశనము చేసిన కాండముకుళ్ళు కథయు ఇట్టిదే. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని నాటి అంచనా. పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ తెగులు కలిగించునదియు ఆ వైరసే.

దాని నివాసము వయ్యారిభామ. ఈ కలుపుకు ఇంత ముద్దుపేరు పెట్టినవారెవరో గాని, రసికులే! మొక్క పచ్చగా నవనవలాడుచునే యుండును. తెగులు జాడ కానరాదు. వైరసు పుప్పొడిలో దాగియుండును. ఆ పూలలో తిరిగిన తామరపురుగు, ఒంటికంటిన పుప్పొడితో లేతపైరుపై వాలి ఆకును గీకును. ఆ గాయమే వైరసుకు వాకిలి. ఆకున మొదలైన ఎండు కాడకు, మొవ్వకు ప్రాకును. మొవ్వ మెలివడి పువ్వు సరిగా విచ్చుకొనదు.

సోకిన మొక్కను బ్రతికించు మందు లేదు. పురుగును చంపుదమన్నను, గట్టున పూలున్నంతవరకు క్రొత్తవి వచ్చుచునే యుండును. పైగా పూతవేళ మందు చల్లినచో గింజ కట్టుటకు తోడ్పడు తేనెటీగలును చచ్చును.

కిలో విత్తనమునకు 5 గ్రాముల ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తవలెను. చేను చుట్టు నాలుగు వరుసల జొన్న ఒత్తుగా వేసినచో పురుగుకును పుప్పొడికిని కొంత అడ్డగును. అన్నిటికంటె ముఖ్యము వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయుట. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. తన గట్టు తాను బాగుచేసికొన్న రైతునకు పొరుగువాని బీడు, బాటప్రక్క, కాలువకట్ట పగయగును. బాట అందరిది, కనుక ఎవరును ముట్టరు! విత్తుటకు ముందే ఇరుగుపొరుగు రైతులు ఒక దినము కలిసి పెరుకుట, కూలి పంచుకొనుట మేలని మా అభిప్రాయము. ఒక్కరి చేతిపని ఇందులో ఎంతమాత్రము చాలదు.

పెరుకువారు చేతులకు తొడుగులో, గుడ్డలో చుట్టుకొనవలెను. ఆ మొక్క కొందరికి దురదను, ఆయాసమును కలిగించును. తెగులేదో పోల్చుకొనలేనివారు మొక్కను నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమువారికి చూపవచ్చును.