కూర్చోవడమూ ఒక పనే
(మైపాడు తీరాన మన సంఘం వనభోజనాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు బస్సులో కూర్చుని వచ్చి, దిగగానే మనలో చాలామంది "అమ్మయ్య" అన్నారు. కూర్చున్నవాళ్లకు అలుపేమిటి? కూర్చోవడమూ ఒంటికి పనే. నేను డాక్టర్ని కాను, ముప్ఫయి మూడేళ్లు కుర్చీ అరగదీసిన గుమాస్తాని. అయినా ఆ పని చేసే ఎముకల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒకసారి అరచేతులు కింద పెట్టి వాటి మీద కూర్చోండి. రెండు బొడిపెలు తగులుతున్నాయా? అవే ఆసనాస్థుల అడుగు భాగాలు. నిలబడినప్పుడు వాటిని పిరుదు కండ కప్పుతుంది. కూర్చోగానే అది పక్కకు జరుగుతుంది. ఇక బరువంతా ఎక్కువగా ఆ రెండు చోట్లే. మధ్యన ఉండేది చర్మం, కాస్త కొవ్వు, రాపిడి తగలకుండా ఒక చిన్న నీటితిత్తి. గట్టి చోట రోజంతా కూర్చుంటే ఆ తిత్తి వాస్తుంది. ఇంగ్లీషు వైద్యులు పూర్వం ఆ జబ్బుకు నేతగాళ్ల పేరే పెట్టారు. వెంకటగిరి గుంట మగ్గాలు చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. వయసు మళ్లాక కండ తగ్గి ఎముక మరింత ఒత్తుతుంది.

ఇదంతా నేను మా ఆవిడ వల్ల నేర్చుకున్నాను. పక్షవాతం వచ్చాక ఆమెను పొద్దున కుర్చీలో కూర్చోబెడితే రాత్రి దాకా అందులోనే. మంచాన పడి ఉండేకంటే మేలనుకున్నాం. ఒకవైపు స్పర్శ తగ్గింది కనుక నొప్పని ఆమె అనలేదు, మేం చూడలేదు. రూపాయి బిళ్లంత ఎరుపు పుండై, మానడానికి నాలుగు నెలలు పట్టింది. తప్పు కుర్చీది కాదు, నాది.

కనుక లేవగలిగినవారు అరగంటకోసారి లేవండి. పాదాలు నేలకు ఆనే కుర్చీ చూసుకోండి. వెనక జేబులో పర్సు వద్దు. లేవలేనివారిని పావుగంటకో, అరగంటకో ముందుకు వంచి రెండు నిమిషాలు పట్టుకోండి. గుండ్రటి గాలిచక్రం మీద కూర్చోబెట్టకండి, అది చుట్టూ రక్తప్రసారాన్ని నొక్కేస్తుంది. రోజూ స్నానం వేళ ఆ చోటు చూడండి. కందినచోట వేలితో నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. నల్లని చర్మంలో ఎరుపు కనిపించకపోవచ్చు, వెచ్చదనమో గట్టిదనమో తెలుస్తుంది. అక్కడ రుద్దకుండా డాక్టరుకు చూపించండి.

అదుగో, మా అమ్మాయి వాళ్లమ్మను కుర్చీలో ముందుకు వంచుతోంది. పావుగంటయిందన్నమాట. మీరూ లేవండి. అలల దాకా నడిచివచ్చాక భోజనాలు.

సెలవు.