హత్య చేయరాదు, మరి చచ్చిపోవచ్చునా?

(కొల్లేరు ప్రాంత మహిళా కార్యకర్తల కోసం ఏలూరులో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున చర్చలో తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన సోదరి ఒకరు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. "మేం కథోలికులం. 'హత్య చేయరాదు' అన్న ఐదవ ఆజ్ఞని చిన్నప్పుడే జ్ఞానోపదేశం తరగతిలో కంఠతా పట్టాం. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నారు. మీరేమో ఆత్మరక్షణ హక్కు అంటున్నారు. మేం ఏది వినాలి?" అన్నారామె. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇదే ప్రశ్నని కొల్లేరు లంకల్లో ఒక తల్లి నోట ఇంతకు ముందే విని ఉన్నాను.

ఆ ఊరి పేరు చెప్పను. వరద వచ్చి ఇళ్లు మునిగితే వాడలోని ఆడవాళ్లూ పిల్లలూ బడి డాబా మీదికి చేరారు. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు లేదు. రెండో రాత్రి కొందరు మగవాళ్లు తాగి పడవ వేసుకుని వచ్చారు. పరాయివాళ్లేం కాదు, పగలు అన్నం పొట్లాలు పంచినవాళ్లే. ఎదిగిన కూతుళ్లిద్దరున్న ఈ తల్లి కొంగున కారం మూట కట్టుకుని, పడవ గెడ చేతబట్టి మెట్ల మీద కూర్చుంది. పైకి రాబోయినవాడి కళ్లల్లో కారం కొట్టి, గెడతో నెట్టింది. వాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మిగిలినవాళ్లు వెనక్కి పోయారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆమె ఆదివారం పూజకు వెళ్లింది కానీ దివ్యసత్ప్రసాదం తీసుకోలేదు. "అమ్మగారూ, ఇది పాపసంకీర్తనంలో చెప్పుకోవాలంటారా? చెప్పుకుంటే మళ్లీ అలా చెయ్యనని మాటివ్వాలి కదా. ఆ మాట నేనివ్వలేను" అని నన్నడిగింది.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ మాట గురించే.

సమాజం కూలిపోయిన తర్వాత మనిషికి ఏ నీతి మిగులుతుంది, ఆకలితో తలుపు తట్టిన పొరుగువాడికి రొట్టె ఇవ్వాలా, తుపాకి చూపించాలా అని పాశ్చాత్య దేశాల్లో కొందరు క్రైస్తవులు తెగ చర్చిస్తుంటారు. వాళ్లకది రేపెప్పుడో రాబోయే ఊహ. మనకు మాత్రం వానాకాలం వచ్చినప్పుడల్లా ఎదురయ్యే సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్ల నీళ్లన్నీ కొల్లేట్లోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అడ్డంగా చేపల చెరువుల గట్లు. అందుకే ఇక్కడ నీరు వచ్చినంత తొందరగా పోదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు టీవీలన్నీ నగరాన్నే చూపించాయి. ఆ నీళ్లు తర్వాత ఎవరి లంకల మీదికి వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో పోలీసు ఉండడు, కోర్టు ఉండదు. రాజ్యం అనేది హెలికాప్టర్ చప్పుడుగా మాత్రమే వినిపిస్తుంది.

అయితే రాజ్యం అందరికీ ఒకేసారి మాయం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. భీమవరం దగ్గర గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం విషయంలో దళితులను సాంఘికంగా బహిష్కరించినప్పుడు మిగతా ఊరికి అన్నీ నడుస్తూనే ఉన్నాయి. కూలిపోయింది ఒక్క వాడకే. 1985 జూలైలో కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర జరిగింది తలచుకోండి. చెరువును పాడుచేయొద్దన్నందుకు ఒక మాదిగ కుర్రవాణ్ని కొడుతుంటే మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికి వచ్చిన దెబ్బ కాచుకోవడానికి చేతిలోని బిందె ఎత్తింది. ఆ బిందె ఎత్తడాన్నే నేరం చేసి మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు అయింది. అంటే ఇరవై మూడేళ్లు. ఆత్మరక్షణ ఎవరు చేసుకుంటే ధైర్యం, ఎవరు చేసుకుంటే పొగరు అన్నది కులమూ పితృస్వామ్యమూ కలిసి నిర్ణయిస్తున్నాయి.

ఇక శ్రీసభ బోధన ఏమిటో చూద్దాం. 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశం ఐదవ ఆజ్ఞ కిందే ఆత్మరక్షణను చర్చించింది. 13వ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్ చేసిన వాదనే దానికి ఆధారం. ఒకే పనికి రెండు ఫలితాలు ఉండొచ్చు, ప్రాణం కాపాడుకోవడం ఒకటి, దాడి చేసినవాడికి హాని జరగడం రెండోది. మనం కోరుకున్నది మొదటిది, రెండోది కాదు. షరతు ఒక్కటే, అవసరానికి మించి బలం వాడకూడదు. అంతటితో ఆగలేదు. ఇతరుల ప్రాణాలకు బాధ్యత వహించేవారికి రక్షణ హక్కే కాదు, గురుతర బాధ్యత కూడా కావచ్చునని 2265వ పేరా చెబుతుంది. అక్కడ రాసినవాళ్ల మనసులో ఉన్నది ముఖ్యంగా పాలకులూ ఆయుధధారులూ కావచ్చు. కానీ రాజ్యం లేని రాత్రి బడి డాబా మీద ఇద్దరు కూతుళ్ల ప్రాణాలకు బాధ్యురాలెవరు? ఆ మెట్ల మీద కూర్చున్న తల్లే. ఆ పేరా ఆమెకు వర్తించదనడానికి నాకు కారణం కనబడదు.

మరి ఈ మాట విచారణల్లో ఆడపిల్లలకు ఎందుకు చేరలేదు? మనకు చేరింది పునీత మరియ గొరెట్టి కథ. ఇటలీలో 1902లో పదకొండేళ్ల ఆ పిల్ల ఒక యువకుడి బలాత్కారాన్ని ఎదిరించి కత్తిపోట్లకు చనిపోయింది. 1950లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆ పిల్ల ఎదిరించింది, వద్దని అరిచింది. మనం మాత్రం ఎదిరింపును పక్కన పెట్టి చావుని ఆదర్శం చేసి చెప్పాం. అప్పుడు బతికి బయటపడిన ఆడపిల్ల ఏమవుతుంది? తక్కువ పవిత్రురాలా?

ఈ ప్రశ్నకు జవాబు శ్రీసభ చరిత్రలోనే ఉంది. 410లో రోము నగరం దోపిడీకి గురై, నాటి వ్యవస్థ కళ్లముందే కూలినప్పుడు ఎందరో క్రైస్తవ స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. వాళ్లెందుకు ఆత్మహత్య చేసుకోలేదని లోకం వేలెత్తి చూపితే, 'దైవ నగరం' మొదటి భాగంలోనే పునీత అగస్తీను సమాధానం రాశారు. పవిత్రత మనసుది, ఇతరులు బలవంతంగా చేసినదానికి ఆమె దోషి కాదు, ప్రాణం తీసుకోనక్కర్లేదు అన్నారు. అదే భాగంలో ఆ స్త్రీల అంతరంగంలో గర్వం ఉందేమోనని తూకం వేసే మాటలూ ఉన్నాయి. వాటితో నాకు పేచీ ఉంది. అయినా పదహారు వందల ఏళ్ల కిందట అన్న ఆ మొదటి మాటయినా మన పల్లెలకు ఇంకా రాలేదే అన్నది నా బాధ.

రెండో చెంప సంగతి. పోపు ఫ్రాన్సిస్ 2020లో రాసిన 'ఫ్రతెల్లి తూత్తి' లేఖలో స్పష్టంగానే చెప్పారు: పీడకుణ్ని ప్రేమించడమంటే అతను పీడిస్తూ పోవడానికి ఒప్పుకోవడం కాదు, క్షమించడమంటే హక్కు వదులుకోవడం కాదు. ఆ తల్లి వాడి చెయ్యి బాగుపడాలని ప్రార్థన చేశానని కూడా నాతో అంది. రెండూ ఒకే మనసులో ఉండగలవు.

తిండి విషయంలోనూ అంతే. ప్రాణం పోయే అవసరంలో ఉన్నవాడికి ఇతరుల సంపద నుంచి తీసుకునే హక్కు ఉందని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. తాళం వేసిన గిడ్డంగిలో బియ్యం ముక్కిపోతుంటే, పిల్లల ఆకలి కోసం తలుపు తీసిన ఆడవాళ్లు దొంగలు కారు. దోషం తాళం దగ్గరే ఉంది.

మన దేశ చట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ ప్రకారం అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు వర్తించదు, అవసరానికి మించిన హానీ చేయరాదు. వరద రాత్రి ఆ వ్యవధే లేదు. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో దాడి చేసినవాడి ప్రాణం పోయేదాకా కూడా ఆ హక్కు విస్తరిస్తుందని 38వ సెక్షన్ అంటుంది. పాత శిక్షాస్మృతిలో ఇవే 99, 100 సెక్షన్లు. అయితే ఆత్మరక్షణ అని చూపించుకునే భారం మన మీదే ఉంటుంది. కాబట్టి దారి తెరుచుకోగానే ఏ పోలీసు స్టేషనుకైనా వెళ్లి ఫిర్యాదు చేయండి. పరిధి కాదని తిప్పి పంపే వీలు లేదు. గాయాలకు వైద్య పరీక్ష చేయించండి, చూసినవారి పేర్లు రాసుకోండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆడవాళ్లను రక్షిస్తామంటూ మగవాళ్లు కర్రలు పట్టి వాడ కాపలా మొదలెడితే, తెల్లారేసరికి అది ఆడపిల్లల మీద కాపలాగా మారుతుంది. బడి మాన్పిస్తారు, పెళ్లి ముందుకు జరుపుతారు. మనకు కావలసిన రక్షణ అది కాదు. వరదకు ముందే ప్రతి లంకలో ఆడవాళ్ల కమిటీ ఉండాలి. ఆశ్రయం తాళంచెవి వాళ్ల దగ్గర ఉండాలి. లోపలి గడియ, దీపం, మరుగుదొడ్డి, ఒక పడవ, రాత్రి వంతుల కాపలా వాళ్ల చేతిలో ఉండాలి. ఒక్కతే కారం మూటతో కూర్చోవలసిన రాత్రి రాకుండా చూడటమే మన పని. విచారణ గురువులతో, మఠకన్యలతో కూర్చుని, జ్ఞానోపదేశం తరగతిలో ఐదవ ఆజ్ఞతో పాటు ఆ 2265వ పేరా కూడా చెప్పించండి.

ఆ తల్లికి నేను గురువును కాను, పాప విమోచనం ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ పేరాను తెలుగు చేసి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "అయితే ఇది ముందే ఎందుకు చెప్పలేదమ్మా వీళ్లు?" అంది.

ఆ ప్రశ్న మీకు అప్పగించి సెలవు తీసుకుంటున్నాను.