కంప్యూటరు అభ్యంతరం చెబితే ఏం చేయాలి?

(వరంగల్‌లో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నవంబరు వస్తోందంటే మనకు లైఫ్ సర్టిఫికెట్ బెంగ మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరు 10న 'జీవన్ ప్రమాణ్' ప్రారంభించింది. మొదట వేలిముద్ర, కనుపాప గుర్తింపు ఉండేవి. 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి కూడా వచ్చింది. సౌకర్యం మంచిదే. కాని ఫారం నింపుతుండగా ఎర్ర అక్షరాలలో "వివరాలు సరిపోలలేదు" అని కనబడితే చాలామందికి పెన్షన్ ఆగిపోయినంత భయం. ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను ఖజానా శాఖలో బిల్లులు పరిశీలించి రిటైరైనవాణ్ణి. బిల్లు చేతికి రాగానే గడులన్నీ నింపారా, లెక్క కుదిరిందా, రిజిస్టరుతో సరిపోయిందా అని చూసి, లోపముంటే అభ్యంతరం రాసి తిప్పిపంపేవాళ్ళం. కంప్యూటరు చేసేదీ అదే. సమాచారాన్ని తన పుస్తకంలో ఎక్కించుకునే ముందు సరిచూసుకుంటుంది. దీన్నే వాలిడేషన్ అంటారు.

మొదట చూసేది రూపం. ఆధార్‌కు 12 అంకెలు. చివరి అంకె, ముందున్న 11 అంకెల నుండి లెక్కకట్టినది. నెదర్లాండ్స్ గణితవేత్త వెర్‌హోఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి ఇది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా వెంటనే పట్టుబడుతుంది. బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, ఐదవది సున్నా. అక్కడ ఇంగ్లీషు 'ఓ' కొడితే ఒప్పుకోదు.

రెండవది పోలిక. మన చిక్కులన్నీ ఇక్కడే. పి.పి.ఓ.లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పేరు ఒకచోట కలిపి, మరొకచోట విడదీసి రాస్తారు. పాత ఆధార్ కార్డులు కొన్నింటిలో పుట్టిన సంవత్సరమే ఉంది. మన జిల్లా సంగతి సరేసరి: 2016 అక్టోబరులో విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. మనిషి ఉన్న ఇంట్లోనే ఉన్నా చిరునామా మారింది!

మూడవది అసలు ప్రమాదం. పి.పి.ఓ. నంబరులో గాని, ఖాతా నంబరులో గాని ఒక అంకె తప్పితే ఫారం అప్పటికప్పుడు పట్టుకోలేకపోవచ్చు. ప్రమాణ్ ఐ.డి. వచ్చేస్తుంది, మనం నిశ్చింతగా ఉంటాం. తర్వాత పెన్షన్ చెల్లించే కార్యాలయం దాన్ని తిరస్కరిస్తుంది. కాబట్టి ఐ.డి. రాగానే పని అయిపోయిందనుకోవద్దు. ఆమోదం పొందిందో లేదో కొన్ని రోజులకు తప్పక చూసుకోండి. తిరస్కరిస్తే సరైన వివరాలతో మళ్ళీ కొత్తది చేయించుకోవచ్చు.

ఇక జాగ్రత్తలు. పి.పి.ఓ., ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి ముందే సరిచూసుకోండి. తేడా ఆధార్‌లో ఉంటే ఆధార్ కేంద్రంలో, ఖాతాలో ఉంటే బ్యాంకులో, పి.పి.ఓ.లో ఉంటే పెన్షన్ మంజూరు చేసినవారి ద్వారా దిద్దించుకోవాలి. ఎర్ర అక్షరాలు వస్తే ఏ గడి దగ్గర వచ్చాయో చదివి కాగితం మీద రాసుకోండి. ఎలాగో ఒప్పుకుంటే చాలని తోచింది కొట్టించవద్దు. ఫోన్ చేసి "సరిచేస్తాం, ఓ.టి.పి. చెప్పండి" అనేవారిని నమ్మవద్దు.

ఈ సభలో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలూ ఉన్నారు. వారికీ ఒక మాట. మంచి గుమాస్తా అభ్యంతరాలన్నీ ఒకేసారి, ఏ గడిలో ఏమి లోపమో వివరంగా రాసేవాడు. రోజుకొకటి చెప్పి తిప్పేవాడు కాదు, బిల్లు చింపేవాడు అసలే కాదు. మీ ప్రోగ్రాములూ అలాగే ఉండాలి. ఒక్క తప్పుకు ఫారమంతా చెరిపేస్తే, ఎనభై ఏళ్ళ పెద్దాయన వణికే వేళ్ళతో అదంతా మళ్ళీ కొట్టలేడు. తెలుగులో చెబితే మరీ మేలు.