ఇస్సాకు కొడుకులు, సాక్సన్లు: చెవికి తోచిన చుట్టరికం

మాస్టారి గురించి ఈ వక్తకు గుర్తున్నది ఒక్కటే. ఎవరైనా రెండు భాషల మాటలు పక్కపక్కన పెట్టి ఒకేలా ఉన్నాయంటే, మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఎన్ని మాటల్లో?" అని అడిగేవారు.

ఈ పోలికల కథకు నేపథ్యం ఇది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలీయుల పది గోత్రాల ఉత్తర రాజ్యానికి రాజధాని అయిన షోమ్రోను అష్షూరు వశమైంది. 27,290 మందిని చెరపట్టినట్టు అష్షూరు రాజు సర్గోను శాసనం చెబుతుంది. ఆ పది గోత్రాలే బ్రిటిష్‌వాళ్లయ్యారని 1840లో జాన్ విల్సన్ పుస్తకం రాశాడు. 1871లో ఎడ్వర్డ్ హైన్ ఆ మాటను జనంలోకి తీసుకెళ్లాడు.

వాళ్ల ప్రధాన సాక్ష్యం మాటల పోలిక. 'సాక్సన్' అంటే 'ఐజాక్స్ సన్స్', ఇస్సాకు కొడుకులట. ఇందులో తండ్రి హీబ్రూ, కొడుకు ఇంగ్లీషు! హీబ్రూలో కొడుకు 'బెన్'. పైగా సాక్సన్లు తమను 'సెయాక్సె' అనుకునేవారు. అందులో 'సన్' లేదు, అది లాటిన్ రూపం చివరి 'న'కారం. 'సెయాక్స్' అంటే కత్తి. ఇక 'బ్రిటిష్' అంటే 'బెరీత్ ఈష్', నిబంధన పురుషుడు అన్నారు. తెలుగులో 'నిబంధన' ముందొస్తుంది, హీబ్రూలో 'పురుషుడు' ముందు రావాలి. 'బెరీత్ ఈష్' అంటే 'మనిషి నిబంధన' అవుతుంది. డేనిష్‌లో ఉన్న 'ఇష్' ప్రత్యయమే బ్రిటిష్‌లోనూ ఉంది. డాన్యూబ్, డాన్ నదుల పేర్లలో ఆ పది గోత్రాల్లో ఒకటైన దాను గోత్రం జాడ చూశారు. ఆ పేర్ల మూలమైన 'దాను'కు పాత ఇరానీ భాషల్లో నది అని అర్థం.

ఇక్కడే ఈ వక్తకు చాలా ఏళ్లుగా కొందరు మిత్రులతో పేచీ. విల్సన్ నాటికి భాషాశాస్త్రం పుట్టలేదు, అతన్ని తప్పుపట్టడం అన్యాయం అంటారు. అది పొరపాటు. 1816లోనే మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వివరణలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపాడు. ఆధారం ఒకటి రెండు మాటలు కాదు. పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఎదుట పెట్టుకుని, తమిళ కన్నడాలతో వరసగా పోల్చాడు. కన్నడ 'కివి' తెలుగులో 'చెవి', 'కెరె' ఇక్కడ 'చెరువు'. ఇలా క్రమం తప్పని మార్పే చుట్టరికానికి రుజువని తరవాతి పండితులు స్థిరపరిచారు.

మద్రాసు పుస్తకం విల్సన్‌కు అందలేదేమో అని ఇంకో వాదన. సరే. ఫ్రాంజ్ బాప్ తన తులనాత్మక వ్యాసాన్ని 1820లో లండన్‌లోనే ఇంగ్లీషులో అచ్చువేశాడు. 1822లో గ్రిమ్ జర్మానిక్ ధ్వనుల మార్పులకు సూత్రం చూపాడు. పద్ధతి అందుబాటులో ఉంది, విల్సనే దాన్ని పట్టించుకోలేదు.

హాని లేని నమ్మకం అనడమూ కుదరదు. పది ఆజ్ఞల పలకలుంచిన నిబంధన మందసం కోసం ఈ నమ్మకస్తులు 1899 నుంచి 1902 దాకా ఐర్లాండులోని తారా గుట్టను తవ్వి పాడుచేశారు. ఐరిష్ రచయితలు యేట్స్, డగ్లస్ హైడ్, జార్జ్ మూర్ 'టైమ్స్'కు నిరసన లేఖ రాయవలసివచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ వంశావళే 'క్రిస్టియన్ ఐడెంటిటీ' పేరుతో యూదుల మీద, నల్లవారి మీద ద్వేషాన్ని నూరిపోసింది.

ఇలాంటి పోలికలకు మోసపోకుండా ఎల్లిస్ వివరణ తెలుగు విద్యార్థి చేతిలో ఉండాలి. ఈ వక్త దాన్ని ఇప్పుడు వ్యాఖ్యతో తెలిగిస్తున్నాడు. ధాతువుల పట్టిక పూర్తయింది. తత్సమ, తద్భవ, దేశ్యాల గురించి మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక' నుంచి ఎల్లిస్ ఉటంకించిన భాగం ఈ నెలలో మొదలవుతుంది.