మన అడుగు చప్పుడు

 

ఆ మధ్య మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కంప్యూటర్‌లో చిన్న థింసా బొమ్మల సినిమా చేశారు. అడుగుల కోసం ఎక్కడి నుంచో రెడీమేడ్ శబ్దం తెచ్చి పెట్టారు. వేసి చూస్తే టక్ టక్‌మని బూట్ల చప్పుడు! "మేడమ్, మా అవ్వ బూట్లేసుకుని ఆడుతోందా?" అని ఒక పాప అడిగింది. అందరం నవ్వాం. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

సినిమాల్లో వినిపించే అడుగులు చాలావరకు తర్వాత చేర్చినవే. హాలీవుడ్‌లో జాక్ ఫోలీ అనే ఆయన తెర చూస్తూ తానే అడుగులు వేసి రికార్డు చేసేవారు. ఆ పనికి ఆయన పేరే స్థిరపడింది. కానీ వీడియో గేమ్‌లో ఆడేవాళ్లు ఎప్పుడు ఎటు నడుస్తారో ముందు తెలియదు. ఒకే రికార్డింగ్ పదేపదే వేస్తే చెవి ఇట్టే పట్టేస్తుంది. అందుకే కంప్యూటర్ చేతనే అప్పటికప్పుడు శబ్దం పుట్టించే పద్ధతులూ ఉన్నాయి. 2002లో అమెరికా శాస్త్రవేత్త పెర్రీ కుక్ నడక శబ్దాన్ని విశ్లేషించి, తిరిగి పుట్టించే పద్ధతి ఒకటి చూపారు.

దాన్ని పిల్లలకు ఇలా చెప్పాం. నడకలో ముందు మడమ, తర్వాత మునివేళ్లు నేలను తాకుతాయి. ఆ బలం ఒక లెక్క, నేల ఇంకో లెక్క. గులకరాళ్ల మీద అడుగు జొన్న పేలాలు వేగడం లాంటిది. ఏ గింజ ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. మంట పెరిగితే చిటపటలు పెరుగుతాయని చెప్పగలం. యంత్రం కూడా ప్రతి రాయినీ లెక్కించదు, బలాన్ని బట్టి చిటపటలు పెంచుతుంది, తగ్గిస్తుంది.

అడుగులో మనిషి కూడా వినిపిస్తుంది. ఒక రాత్రి వరండాలో రెండడుగులు వేసి ఆగే చప్పుడు విన్నాం. వెళ్లి చూస్తే కొత్తగా చేరిన మూడో తరగతి పాప, ఇంటి మీద బెంగతో గేటు వైపు వెళ్తోంది. తెల్లవారేదాకా పక్కనే కూర్చున్నాం.

యంత్రానికి ఏ కాలు, ఏ నేల చెబితే ఆ చప్పుడే చేస్తుంది. వట్టి కాళ్లు, మట్టి నేల, అందెలు, వరుసంతా ఒక్కటై వేసే అడుగు... ఇవి మనం చెప్పకపోతే మన ఆటకు బూట్ల చప్పుడే మిగులుతుంది.

అందుకే సంఘం పెద్దలకు మా విన్నపం. ఊరి అనుమతితో, ఆడేవాళ్ల ఇష్టంతో, మన అవ్వల అడుగులను నేల నేలకూ వేరుగా రికార్డు చేద్దాం. ఫోన్ పట్టుకోవడానికి మా పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

జై ఆదివాసీ!