కోటి రూపాయల దుంపలు
(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



మన తాతలు కంపెనీని 'కుంపిణీ' యని పిలిచెడివారు. వారి నోట ఆ మాట వర్తకుని పేరుగా గాక అధికారి పేరుగా వినవచ్చెడిది. సరకులు కొన వచ్చి కోటలు కట్టినవారిని జూచిన జాతికి, పెద్ద వర్తకుడు కఱ్ఱ చేతబట్టినంతనే పాతకథ జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈ దేశమున వ్యాపారము చేయబూనిన యే సంస్థయు మఱవరాని సంగతి యిది. 2019వ సంవత్సరమున పెప్సీకో కంపెనీవారు దీనిని మఱచిరి. ఆ కథనే నేడు మేము విన్నవింప నెంచితిమి.

ఆ కంపెనీవారు 'లేస్' అను పేర అమ్ము దుంపవేపుళ్లకు ఎఫ్.సి.5 అను వంగడమును వాడుచుండిరి. తేమ తక్కువగుటచే అది వేపుటకు అనువైనది. 2016లో దానిని తమ పేర రిజిస్టరు చేయించుకొని, తమతో ఒడంబడిక చేసికొన్న రైతులకు విత్తన మిచ్చి పంటను తామే కొనుచుండిరి. గుజరాతులోని సాబర్‌కాంఠా జిల్లాలో ఒడంబడిక లేని రైతులును ఆ రకమును పండించుచున్నారని 2019 ఏప్రిలులో నలుగురిపై అహమ్మదాబాదు వాణిజ్య న్యాయస్థానమున దావా వేసిరి. ఒక్కొక్క రైతునుండి కోరిన నష్టపరిహారము 1 కోటి 5 లక్షల రూపాయలు! రైతుల మాట వినకముందే తాత్కాలిక నిషేధాజ్ఞయు వెలువడెను.

ఏండ్ల తరబడి దావాలు వ్రాసినవారము గనుక ఈ అంకెను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. కొద్దిపాటి భూమి గల రైతు పండించిన దుంపలవలన ఖండఖండాంతరముల వ్యాపించిన సంస్థకు కోటి రూపాయల నష్ట మెట్లు కలుగును? అట్టి అంకె వసూలు చేసికొనుటకై వ్రాసినది కాదనియు, తక్కిన రైతులు విని వణకుటకై వ్రాసినదనియు మా యభిప్రాయము. మా వృత్తిలో ఇది వింత గాదు. కక్షిదారుల కోరికపై మేమును ఇట్టి అంకెలు వేసినవారమే; సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. చిన్నవాని గుండెపై పడు బరువును లెక్కించుట మాకు ఏ కళాశాలలోను నేర్పలేదు.

ఇక శాసనము. 2001లో పార్లమెంటు చేసిన వంగడముల, రైతుహక్కుల రక్షణ చట్టమున 64వ సెక్షను కంపెనీలకు కొంత బలము నిచ్చినమాట నిజమే. కాని అదే చట్టమున 39వ సెక్షను గలదు. చట్టములో మఱేమి యున్నను, రైతు తన పంటను విత్తనముతో సహా దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మరల విత్తవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును; బ్రాండు పేరు వేసిన విత్తనముగా మాత్రము అమ్మరాదు. వేపాకు కలిపి గింజలను బానలో దాచిన తల్లుల నెఱిగినవారికి ఈ హక్కును గూర్చి వేఱే వ్యాఖ్యానము అక్కఱలేదు.

దావా సంగతి పొక్కగానే రైతుసంఘములు లేచినవి. ఆ వేపుళ్లను కొనవలదని దేశమంతట పిలుపులు వెలువడినవి. కంపెనీవారు రాజీమాట యెత్తిరి: మా విత్తనమే కొని మాకే అమ్ముడు, లేదా ఆ రకమును మానుడు. చేయి మెలిపెట్టినవాడే కౌగిలింప వచ్చినట్లు మాకు తోచినది. గుజరాతు ప్రభుత్వము రైతుల పక్షమున నిలుతుమనెను. మే నెలలో దావాలు ఉపసంహరింపబడెను.

దావాలు పోయినను కథ పోలేదు. అదివఱకు ఎవరును తొంగిచూడని రిజిస్ట్రేషను కాగితములు వెలుగులోనికి వచ్చినవి. కవిత కురుగంటి అర్జీపై 2021 డిసెంబరులో వంగడముల రక్షణాధికార సంస్థ ఆ రిజిస్ట్రేషనును రద్దుచేసెను. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఆ రద్దును నిలిపెను. 2024 జనవరిలో అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము దానిని త్రోసివేసి కంపెనీ పక్షమున తీర్పు చెప్పెను. కావున ఆ కంపెనీవారి వాదమున బొత్తిగా పస లేదని మేమనజాలము. అయినను ఆ జయమును గూర్చి మా బారు గదిలోనే ముచ్చటించినవారు ఇద్దఱో ముగ్గురో. కోటి రూపాయల దావా మాత్రము మా గుమాస్తాలకు సైతము నేటికిని జ్ఞాపకమే. ఒక్క మనిషిని ఆ యూళ్లకు పంపి, రచ్చబండ కడ కూర్చుండబెట్టి, మంచి ధర చెప్పించిన నెంత ఖర్చయ్యెడిది? వకీళ్ల ఫీజులో వెయ్యవ వంతు గాకపోవును.

సోదరులారా! కర్నూలు, గద్వాల ప్రాంతములలో కంపెనీలకై పత్తి విత్తనము పండించు రైతులు వేలకొలది గలరు. వారి యిండ్లకును నోటీసులు రావచ్చును. ఇంగ్లీషు అక్షరములు చూచి బెదరి వ్రేలిముద్ర వేయకమునుపే ఆ కాగితమును ఇచటికి తెమ్మనుడు. ఆదివారముల సాయంకాలము మేమిచటనే యుందుము, ఫీజు లేదు. 39వ సెక్షనును తెలుగున వ్రాసి తలుపు ప్రక్క గోడకు అంటించితిమి. పోవునప్పుడు చదివికొని పొండు.